పిల్లల తెలివి పరీక్షలో మాటల మార్కు: జారిపోయేది ఎక్కడ?

పిల్లల తెలివిని కొలిచే వెక్స్లర్ పరీక్ష అయిదో కూర్పులో మాటల అవగాహన సూచిక రెండు భాగాల నుంచి వస్తుంది: పోలికలు, పదాల అర్థాలు. అసలు ప్రశ్నలు బయటపెట్టకూడదు గనక పోలికలకు మన శ్రీకాకుళం ఉద్దానం ఉదాహరణ తీసుకుందాం: పనస, జీడిమామిడి. ఈ రెండిటికీ పోలికేమిటి?

“రెండూ పళ్లే” అంటే 2 మార్కులు. “రెండిట్లోనూ పిక్కుంటాది” అంటే 1. “పనస పెద్దది, జీడిమామిడి చిన్నది” అంటే సున్నా, చెప్పింది తేడా కాబట్టి. “రెండూ ఒకేలాటివి” అని ఊరుకుంటే “ఇంకాస్త చెప్పు” అని ఒక్కసారి అడగాలి. “పళ్లేనా?” అని అందిస్తే మాత్రం ఆ మార్కు పరీక్ష పెట్టినవాళ్లదే! జవాబు పిల్లాడి నోట వచ్చినట్టే రాసుకోవాలి. యాసకి మార్కు కోయకూడదు.

ఎక్కువ నష్టం అప్పటికప్పుడు తర్జుమా చేసి అడగడంలో జరుగుతుంది. ప్రశ్నలు తేలిక నుంచి కష్టానికి పేర్చి ఉంటాయి, వరుసగా కొన్ని సున్నాలొస్తే ఆపేయాలి. ఇంగ్లీషులో తేలికైన మాటకి తెలుగులో పుస్తకాల మాట పడితే ఆ సున్నాలు ముందే వచ్చేస్తాయి. తర్వాత తెలిసినవి ఎన్నున్నా పిల్లాడు అక్కడిదాకా వెళ్లడు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా, మందస కొండల్లో సవర మాట్లాడే పిల్లలకి ఈ నష్టం ఇంకా ఎక్కువ.

అందుకే పక్కన బొమ్మల పరీక్ష ఒకటి ఉండాలి. రేవెన్ రంగుల మాతృకల్లో (బొమ్మలో లోపించిన ముక్క ఏదో ఎంచే పరీక్ష) 12 చొప్పున మూడు వరుసలు, మొత్తం 36 బొమ్మలు. దాన్ని నలుపు తెలుపు జిరాక్సు తీసి వాడితే ప్రమాణ పట్టికలు (అదే వయసు పిల్లలతో మార్కు పోల్చేవి) వర్తించవు. చదువు ప్రభావం దీనిమీదా ఉంటుంది, కాకపోతే తక్కువ.

వయసు లెక్క కూడా చూసుకోవాలి. బడిలో వేసిన పుట్టినతేదీ ఏడాది అటూఇటూ ఉంటే పట్టికలో గడే మారిపోతుంది. అమ్మనడిగి, జనన పత్రం చూడాలి.

సూచిక మార్కుల సగటు 100, ప్రామాణిక విచలనం (సగటు నుంచి మార్కులు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 15. విశ్వసనీయత (మార్కు ఎంత నిలకడగా వస్తుందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.91 అయితే కొలత దోషం 4.5. దానికి దాదాపు రెండింతలు అటూఇటూ వదిలి, 78 వచ్చిన పిల్లాడికి 95 శాతం నమ్మకంతో 69 నుంచి 87 అని రాయాలి. మాటల్లో 78, బొమ్మల్లో 97 వస్తే రెండూ కలిపి సగటు తీయడం శుద్ధ దండగ. విడివిడిగా రాసి, ఇంటి భాష, పరీక్ష పెట్టిన భాష పక్కనే నమోదు చేయాలి. రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నాడో చూడకుండా మేధోవైకల్యం అనే మాట నివేదికలోకి రానేకూడదు. మళ్లీ చూడాలనుకుంటే అదే పరీక్ష వెంటనే పెట్టొద్దు, జ్ఞాపకంతోనే మార్కులు పెరుగుతాయి.