యానాం హద్దు వెంట మూడు రోజులు

కాకినాడ నుంచి 216వ జాతీయ రహదారి మీద సుంకరపాలెం దాటితే బండ్ల నెంబర్లు పీవై-04లోకి మారిపోతాయి. 1954 దాకా ఇది ఫ్రెంచివాళ్ల సరిహద్దు. ఇప్పుడు పుదుచ్చేరికీ ఆంధ్రాకీ మధ్య హద్దు. దాన్నీ, చుట్టూ ఉన్న లంకల్నీ, చెరువుల్నీ ఎవరైనా చేర్పులు చేయగల ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించడానికి మేం మూడు రోజులు తిరిగాం.

పొలాల్లో గీతేమీ కనపడదు. దుకాణం బోర్డు మీద పిన్‌కోడ్ 533464 అని ఉంటే యానాం వైపున్నట్టు. అది ఆనవాలే, హద్దుకి రుజువు కాదు. మ్యాప్‌లో గీత తప్పనిపిస్తే జరపకండి, ఫొటోతో నోట్ పెట్టండి. ఆంధ్రా హద్దుకీ యానాం హద్దుకీ ఒకటే గీత వాడాలి. రెండు గీస్తే మధ్యలో ఎవరికీ చెందని సందు మిగిలిపోతుంది. గౌతమి ఒడ్డు కోసుకుపోయిందని హద్దును కూడా లాగెయ్యడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. ఏరు జరిగినంత మాత్రాన కాగితాల్లో హద్దు జరగదు, అందుకే ఒడ్డుగీత విడిగా ఉండాలి.

దరియాలతిప్ప వైపు మడ చెట్ల దగ్గర అసలు కష్టం మొదలైంది. ఉపగ్రహ చిత్రం పాటు వేళ, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, తీసిందైతే బురదంతా నేలలాగే ఉంటుంది. తీరాన్ని అమావాస్య, పున్నమి పోటు నీళ్లు ఎక్కే మేర గీయాలి. కింది బురదకి వేరే ట్యాగ్, అంటే అదేమిటో మ్యాప్‌కి చెప్పే గుర్తు. పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి పడవ వేళ ముందురోజే అడిగి పెట్టుకున్నాం. ఆరుబయట ఫోన్ జీపీఎస్ 5 మీటర్ల లోపు తేడాతో సరిపోయింది. మడ కొమ్మల కిందికి వెళ్లగానే ఫోన్ రికార్డు చేసే మా దారి గీత (ట్రాక్) 15 మీటర్లు అటూ ఇటూ గంతులేసింది. అక్కడ ట్రాక్‌ను నమ్మకుండా, పాయ మధ్యకొచ్చి మళ్లీ రికార్డు చేసుకున్నాం.

రొయ్యల చెరువు ఎండగట్టి సున్నం చల్లితే పైనుంచి ఉప్పుమడిలా తెల్లగా కనిపిస్తుంది. గట్టెక్కి చూస్తేగానీ తేలదు. ఒక చోట నీళ్లు లేవు, బీటలు వారిన అడుగున సున్నం పొర, మూలన ఒడ్డుకి లాగి పెట్టిన ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం). అది చెరువే.

పేర్లు మాత్రం రెండొడ్డుల్లోనూ అడగాలి.

“ఏవండీ, ఈ తిప్పనేమంటారండీ?”

“మేమొకటంటామండీ, అవతలొడ్డోళ్లు ఇంకోటంటారు.”

రెండూ ఎక్కించాం.