గురక అంటే మంచి నిద్ర కాదు

గురక పెట్టేవాడికి ఒళ్లెరగని నిద్ర పడుతుందని మా ఇంట్లో గట్టి నమ్మకం. నాకేమో పొద్దున లేవగానే తలనొప్పి, నోరు పిడచగట్టుకుపోయి ఉండేది, విశాఖలో మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు పట్టేసేది. రాత్రి మధ్యలో నాకు ఊపిరి ఆగిపోయి, మళ్లీ ఉలిక్కిపడి పీల్చుకుంటున్నానని మా ఆవిడ గమనించి, భయపడి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

ఆయన ముందు మెడ కొలిచారు, తర్వాత నడుం. మగవాళ్లకి మెడ చుట్టుకొలత 17 అంగుళాలు దాటి, గురక కూడా ఉంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, ఉందేమో చూడాలట. నడుం అయితే మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, కూడా అంతే, చాలా దేశాల్లో 30 నుంచి ఊబకాయం అంటారు గానీ మనకి 25 నుంచే, ఎందుకంటే మనవాళ్లకి కొవ్వు పొట్టలోనే ఎక్కువ చేరుతుంది. స్లీప్ టెస్టులో నాది తీవ్రమైన రకం అని తేలింది, అంటే గంటకి 30 సార్లు, ఆపైన, కనీసం 10 సెకన్ల చొప్పున శ్వాస ఆగడమో బాగా తగ్గిపోవడమో.

"ఏటి బావూ, ఇలగైపోనావు, నోరు కట్టుకో" అన్నారు మా పెదనాన్న నా లావు చూసి. నిజానికి నేను తిండిపోతుని కాదు, కాకపోతే చుట్టాలెవరూ నమ్మరు! రుషికొండ వైపు ఆఫీసులో నైట్ షిఫ్టు, క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుంది, కుర్చీలోంచి లేచే పని ఉండదు, అర్ధరాత్రి దాటాక దొరికేవి సమోసా, పఫ్, లేదంటే ఫోన్లో నొక్కితే వచ్చే బిర్యానీ. పైగా నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. అలా తిన్నది గొంతు చుట్టూ కూడా కొవ్వుగా చేరి గాలి దారిని ఇరుకు చేస్తుంది, దాంతో నిద్ర ఇంకా చెడుతుంది. ఇందులో నోరు కట్టుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

నా విషయంలో నిద్ర దగ్గరే మొదలైంది. నిద్రలో గాలి దారి మూసుకుపోకుండా మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మిషన్ ఇచ్చారు. ఆ మాస్కు మొదట్లో చిరాకు, పక్క మీదకి ఏనుగు తొండం వచ్చిందని పిల్లలు ఒకటే నవ్వు. అలవాటయ్యాక మాత్రం తల తేలికైంది, తీపి మీద యావ తగ్గింది. డాక్టరు ఉత్తరం చూపించి డే షిఫ్టు తెచ్చుకున్నాను.

అప్పుడు గానీ నడకకి ఓపిక రాలేదు. పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తారు, కాళీమాత గుడి దగ్గర్నుంచి కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం దాటేదాకా హాయిగా నడవొచ్చు. అందరికీ బీచ్ రోడ్డు దగ్గర్లో ఉండదు కదా, ఫుట్‌పాత్ నిండా బళ్లు పెట్టేసిన వీధుల్లో ఉండేవాళ్లని వాకింగ్ చెయ్యమంటే వాళ్లు ఎక్కడ చేస్తారు?

ఇంట్లో నూనె ఇప్పుడు చెంచాతో కొలిచి వేస్తున్నాం, పెద్ద చెంచాడంటే 120 కేలరీల దాకా ఉంటుంది మరి. పొద్దున చోడి (రాగి) అంబలి. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో పంచదార 30 గ్రాముల దాకా ఉంటుందని తెలిశాక పిల్లలకి కూడా కొనడం మానేశాం. బీచ్‌లో మురీ మిక్చర్ మాత్రం మానలేదు, అదీ మానేస్తే ఇక విశాఖలో ఉండి ఏం లాభం.

బరువు తగ్గుతోంది, మిషన్ ప్రెషర్ కూడా తగ్గించారు. మొత్తానికి తీసేయొచ్చా అంటే, సొంతంగా ఆపొద్దు, ఇంకొంచెం తగ్గాక మళ్లీ టెస్టు చేద్దామన్నారు. ఈలోగా మాస్కుకి కొత్త స్ట్రాపులు కొనాలి, పాతవి సాగిపోయాయి.