రికవరీ డబ్బు ఏ పేట దాకా వెళ్లింది?

మన దగ్గర ప్రభుత్వ పథకం అనగానే కుల ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు గుర్తొస్తాయి. ఎవరు అర్హులో కాగితమే చెప్పేస్తుంది. అమెరికాలో సిటీ హాల్ గ్రాంట్స్ విభాగంలో ఉద్యోగానికి చేరిన మనవాళ్లకు మొదట అంతుపట్టనిది, అక్కడ అలా కుదరకపోవడమే. కోవిడ్ దెబ్బ నుంచి తేరుకోవడానికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన రికవరీ డబ్బు సంగతే చూడండి. కోవిడ్‌తో నల్లజాతివారికి, లాటినోలకు (లాటిన్ అమెరికా మూలాలున్నవారికి) ఎక్కువ నష్టం జరిగిందని నగరాలు తమ నివేదికల్లో రాసుకున్నాయి. కానీ దరఖాస్తులో 'వాళ్లకు మాత్రమే' అని రాయడానికి లేదు. ఫెడరల్ డబ్బుతో నడిచే పనిలో జాతిని బట్టి వివక్ష చూపకూడదని 1964 పౌరహక్కుల చట్టం చెబుతోంది. 2021లో రెస్టారెంట్ల కోసం 2,860 కోట్ల డాలర్ల నిధి పెట్టి, మొదటి 21 రోజులు మహిళలకు, మాజీ సైనికులకు, వెనుకబడిన వర్గాలకు ముందు వరస ఇచ్చారు. జాతి, లింగాన్ని బట్టి వరస పెట్టడం చెల్లదని మే నెలలో అప్పీల్ కోర్టు తీర్పు ఇచ్చింది. మంజూరైందని కబురందిన దాదాపు 3 వేల మందికి తర్వాత డబ్బు రాలేదు.

అందుకే నగరాలు పేటను, ఆదాయాన్ని పట్టుకున్నాయి. రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఇచ్చిన 35,000 కోట్ల డాలర్ల నిధిలో దీనికి దారి ఉంది. పేదరికం 25 శాతానికి తగ్గని, లేదా సగం ఇళ్ల ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 60 శాతం కూడా లేని సెన్సస్ ట్రాక్ట్‌లను (జనగణన కోసం విడదీసిన చిన్న ప్రాంతాలను) అమెరికా కేంద్ర గృహ శాఖ గుర్తిస్తుంది. అక్కడ చేసే ఖర్చుకు, ఎక్కువ దెబ్బ తిన్నది వీళ్లేనని విడిగా రుజువు చేయక్కర్లేదు. పేదరిక రేఖకు 185 శాతం లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకూ అదే వెసులుబాటు. 1930లలో ఇళ్ల అప్పుల మ్యాపుల్లో అప్పివ్వడం ప్రమాదమని ఎర్రరంగు పూసిన నల్లవాళ్ల పేటలు చాలా నగరాల్లో నేటికీ పేద పేటలే. కాబట్టి జాతి పేరెత్తకుండానే డబ్బు చాలావరకు అక్కడికే వెళ్తుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది: యూనివర్సిటీ పక్క ట్రాక్ట్‌లు విద్యార్థుల ఆదాయం వల్ల లెక్కల్లో పేదగా కనిపిస్తాయి. మ్యాపు ఖరారు చేసేముందు వాటిని వేరుగా చూడాలి.

అసలు చిక్కు మ్యాపులో లేదు, చెల్లింపులో ఉంది. 50 వేల డాలర్ల గ్రాంట్ వచ్చిన ఒక చిన్న సంస్థను ఊహించండి. ఇద్దరు ఉద్యోగుల జీతాలు నెలకు 8 వేలు. సిటీ కాంట్రాక్టులో రీయింబర్స్‌మెంట్ అని ఉంది: ముందు మీరు ఖర్చు పెట్టండి, తర్వాత మేం ఇస్తాం అని. మూడు నెలలకోసారి బిల్లు, దానికి టైమ్‌షీట్లు, పేరోల్ రికార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయాలి. ఒక్క సంతకం లేకపోయినా ఫైలు వెనక్కి వస్తుంది. పరిశీలనకు ఇంకో రెండు నెలలు పట్టిందనుకుంటే, మొదటి చెక్కు వచ్చేలోపు 40 వేలు చేతి నుంచి పడాలి. పెద్ద సంస్థ తట్టుకుంటుంది. పేటలో చర్చి వెనక గదిలో ఆహారం పంచేవాళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? ఫెడరల్ నిబంధనలు అడ్వాన్సును అనుమతిస్తాయి. అడ్డుపడేది చాలాసార్లు సిటీ పాత కాంట్రాక్టు నమూనానే. దాన్ని మార్చడమే అన్నిటికంటే పెద్ద మేలు అని మా గట్టి నమ్మకం.

దానికంటే ముందు తేల్చాల్సింది, డబ్బు తీసుకునేవారు ఎవరన్నది. నష్టపోయిన కొట్టుకు సాయం చేస్తే ఆ యజమాని లబ్ధిదారు, ఆడిట్ బరువు ఆయన మీద పడదు. సిటీ తరఫున కార్యక్రమం నడిపేవారు మాత్రం సబ్‌రెసిపియెంట్. వాళ్లకు ఫెడరల్ రిజిస్ట్రేషన్ నంబరు, లెక్కలు, పర్యవేక్షణ అన్నీ ఉంటాయి. లబ్ధిదారుని పొరపాటున సబ్‌రెసిపియెంట్ గడిలో వేస్తే, రెండు పేజీల దరఖాస్తు నలభై పేజీలవుతుంది. రిజిస్ట్రేషన్‌లో సంస్థ పేరు, చిరునామా అధికారిక పత్రాల్లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, లేదంటే వారాలు గడిచిపోతాయి.

మనకు నేరుగా తగిలే విషయం ఇంకొకటి. 'ఏషియన్' అనే ఒకే గడిలో ఇద్దరూ సాఫ్ట్‌వేర్ జీతం తెచ్చుకునే తెలుగు దంపతులు, శరణార్థిగా వచ్చిన భూటాన్ కుటుంబం కలిసే ఉంటారు. సగటు తీస్తే ఆ కుటుంబం కష్టం కనబడదు. కొడుకు దగ్గరున్న తెలుగు అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాదన్న సంగతీ కనబడదు. ఇంట్లో మాట్లాడే భాష, కుటుంబ ఆదాయం వేరే ప్రశ్నలుగా అడిగితేనే ఇవి బయటపడతాయి.

దరఖాస్తులో జాతి ప్రశ్న ఐచ్ఛికంగా, వేరే పేజీలో ఉండాలి. దరఖాస్తులకు మార్కులు వేసేవాళ్ల కంట పడకూడదు. జవాబుల్ని మూడు చోట్ల లెక్కించాలి: ఎందరు దరఖాస్తు పెట్టారు, ఎందరికి మంజూరైంది, ఎందరి ఖాతాలో డబ్బు పడింది. మొదటి గడిలోనే సంఖ్య తక్కువుంటే ప్రచారం, భాష లోపం. రెండో గడిలో తగ్గితే అర్హత నిబంధనలు, పత్రాల మీద అనుమానం పెట్టుకోవాలి. మూడో గడిలో తగ్గితే మాత్రం తప్పు మన ఆఫీసుదే, పెండింగ్ బిల్లుల్లో చిన్న సంస్థల ఫైళ్లు ముందు తీయాలి. రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఇచ్చిన ఆ 35,000 కోట్ల డాలర్ల నిధి ఖర్చుకు 2026 డిసెంబర్ 31 ఆఖరి గడువు, మిగిలింది ఫెడరల్ ఖజానాకు (ట్రెజరీకి) తిరిగి వెళ్లిపోతుంది.