ముసలి ఎలుక గీత

ఉదయం ఎనిమిదిన్నరకే ల్యాబులో ఉన్నాను. కోసిన కండరాన్ని బతికించి ఉంచే క్రెబ్స్ ద్రావణం 37 డిగ్రీలకు వేడెక్కే లోపల నా టిఫిన్ కూడా అయిపోయింది. ఈ రోజు పని రెండు ఎలుకల మూత్రాశయాల మీద. ఒకటి మూడు నెలలది, రెండోది రెండేళ్లది. ఎలుకల లెక్కలో రెండేళ్లంటే పండు ముసలితనం.

కండరాన్ని సన్నని పట్టీలుగా కోసి, దారం కట్టి ద్రావణంలో వేలాడదీసి, ఒక గ్రాము లాగుడు ఇచ్చి గంటసేపు వదిలేయాలి. నాకు ఓపిక చాలనిది ఈ గంటకే. తెర మీద, పట్టీ ఎంత లాగుతోందో చూపే గీత చిన్నదానిది బుద్ధిగా సాగుతోంది. ముసలిదానిది ఏ మందూ పడకుండానే వణుకుతోంది.

కండరాన్ని ముడుచుకునేలా చేసే కార్బకాల్ వేసినప్పుడు ముసలి పట్టీ బలహీనంగా ముడుచుకుంటుందని ధీమాగా ఉన్నాను. తీరా చూస్తే గ్రాముల్లో అదే ఎక్కువ లాగింది! పట్టీలను తూచి, వాటి బరువుతో భాగిస్తే ఆ గొప్ప కాస్తా పోయి రెండూ ఇంచుమించు సమానమయ్యాయి. వయసుతో ఈ స్పందన పెరుగుతుందని కొందరు, తగ్గుతుందని కొందరు, మారదని కొందరు రాశారు. ఆ తగాదాలో సగం భాగహారం దగ్గరే ఉందని నా అనుమానం.

అసలు తేడా మధ్యాహ్నం కనిపించింది. పొటాషియంతో ముడుచుకునేలా చేసి బీటా గ్రాహకాల (కణాల మీద మందు అతుక్కునే చోట్ల) ద్వారా కండరాన్ని వదులు చేసే ఐసోప్రెనలిన్ వేస్తే చిన్నది హాయిగా దిగివచ్చింది. ముసలిది మొక్కుబడిగా కాస్త దిగి ఆగిపోయింది. ముడుచుకోవడం దానికి బాగానే వచ్చు, వదులవడమే చేతకావడం లేదు. ఒక్క జతతో ఏమీ తేలదనుకోండి. ఆరు జతలు చూపించనిదే మా మేడం తల కూడా ఎత్తరు.

రాత్రి తాతయ్య ఫోను చేశారు. నిద్రలో నాలుగుసార్లు లేస్తున్నారట. ఇంతకుముందు వాడిన మాత్ర మూత్రాశయంలోని ఎం3 గ్రాహకాలను అడ్డుకునే రకం. లాలాజల గ్రంథుల్లోనూ అవే ఉంటాయి కాబట్టి నోరు పిడచగట్టుకుపోతోందని మానేశారు. ఇప్పుడు డాక్టరు మిరాబెగ్రాన్ రాశారట. అదీ బీటా గ్రాహకాల్లోనే ఒక రకమైన బీటా-3 ద్వారా కండరాన్ని వదులు చేస్తుంది. మధ్యాహ్నపు గీత గుర్తొచ్చినా నోరు మెదపలేదు. ఎలుకలో బీటా-2 కూడా ఆ పనిలో చేయి వేస్తుంది, మనిషిలో ప్రధానంగా బీటా-3దే భారం. ఎలుకను చూసి తాతయ్యకు జోస్యం చెప్పకూడదు.

"మీ ముసలి ఎలుకలూ రాత్రుళ్లు లేస్తాయా?" అని అడిగారు.

"అవి రాత్రంతా మేలుకునే ఉంటాయి తాతయ్యా, పడుకునేది పగలు."

"అదృష్టవంతులు," అని ఫోను పెట్టేశారు.