ముడికి పట్టే హుడ్

బజార్లో దొరికే హుడ్‌లన్నీ పొట్టి జుట్టు వాళ్ల కోసమే కుట్టినట్టుంటాయి. ముడేసి క్లిప్పు పెట్టుకున్నామా, వెనక్కి జారిపోతుంది, లేదంటే జిప్పు గొంతుకి పట్టేస్తుంది. విజయవాడ ఎండలకి మంగళగిరి కాటన్‌తో హుడ్ ఉన్న కోటు కుట్టించుకుందామని వెళ్తే మా టైలర్ "ఆది ఉందా అమ్మా?" అన్నాడు. జాకెట్టుకైతే ఆది ఇస్తాం, హుడ్‌కి ఎక్కణ్ణుంచి తెస్తాం!

సరే, కంప్యూటర్లో బట్టల ప్యాటర్న్లు గీసే సీమ్లీ2డి అనే సాఫ్ట్‌వేర్‌లో నేనే గీశాను. ఉచితమే. ఇందులో కొలతల ఫైలు వేరు, డ్రాఫ్ట్ (ప్యాటర్న్ బొమ్మ) వేరు, గీతల్ని అంకెలతో కాకుండా కొలతల పేర్లతో ఫార్ములాగా రాసుకోవచ్చు. హుడ్‌కి ముఖ్యంగా రెండు కొలతలు: భుజమూ మెడా కలిసే చోటు నుంచి తల మీదుగా అవతలి వైపు దాకా కొలిచి అందులో సగం ఎత్తు, నుదుటి పక్క నుంచి వెనక ముడి మీదుగా చుట్టి అందులో సగం లోతు. ముడి వేసుకునే కొలవాలి, కిటుకంతా అదే. లూజు కలిపి నాకు ఎత్తు 36, లోతు 28 సెంటీమీటర్లు వచ్చాయి.

ఇక మెడ. డార్ట్ (బట్టని మడిచి కుట్టే మడత) వేశాక హుడ్ కింది అంచు, కోటు మెడ సరిగ్గా ఒకే పొడవుండాలి, అదీ కటింగ్ గీత మీద కాదు, కుట్టు పడే గీత మీద. సాఫ్ట్‌వేర్ ప్రతి వంపు పొడవునీ ఒక పేరుతో దాచుకుంటుంది కాబట్టి హుడ్ కింది గీతకి వెనక మెడ, ముందు మెడ, డార్ట్ వెడల్పు కలిపి ఫార్ములా రాసేశా. ఇప్పుడు మెడ ఇంకాస్త కిందికి దించినా హుడ్ దానంతటదే సర్దుకుంటుంది. పేపర్ మీదైతే టేపుని నిలబెట్టి వంపు వెంట కొలిచి మళ్లీ గీయాల్సిందే.

మంగళగిరి బట్ట టీషర్టులా సాగదు, తల మీంచి తొడిగే పని పెట్టుకోకండి, ముందు పూర్తిగా విడిపోయే జిప్పు వేయండి. కత్తిరించే ముందు నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. జరీ నిజాం అంచు ముఖం వైపు వచ్చేలా పెట్టాను, నిలువు పోగు కూడా సరిగ్గా కుదిరింది, అక్కడ అంచు మడిచే పనీ తప్పింది.

ఎ4 కాగితాలు అతికించే ఓపిక లేకపోతే ఇళ్ల ప్లాన్లు ప్రింట్ తీసే షాపులో పెద్ద షీటు మీద తీయించుకోండి, కానీ సైజు మారిపోకుండా 'ఫిట్ టు పేజ్' వద్దని చెప్పి, డ్రాఫ్ట్‌లో ముందే గీసి పెట్టుకున్న 10 సెంటీమీటర్ల గీత ఒకటి ప్రింటయ్యాక స్కేలుతో సరిచూసుకోండి. అన్నట్టు, హెల్మెట్ పెట్టుకున్నప్పుడు హుడ్ వెనక్కి వేసేయాల్సిందే, ఇది బండి దిగాక రైతు బజార్లో తిరగడానికి.

గుంటూరు నుంచి మా చెల్లి తన కొలతలు వాట్సాప్‌లో పెట్టింది. వాటితో ఇంకో కొలతల ఫైలు చేసి తగిలించగానే డ్రాఫ్ట్ మొత్తం మారింది, చేతుల పొడవే అనుమానంగా ఉంది, మళ్లీ కొలిచి పంపవే అన్నాను.