జారిపోయిన చెప్పు

వెనక్కి తిరిగి చూస్తే నా ఎడమ చెప్పు నాలుగడుగుల దూరంలో పడి ఉంది. అది జారినట్టు కాలికి తెలియనే లేదు. అప్పుడు నాకు 31 ఏళ్లు. చెప్పులు వదులయ్యాయనుకుని కొత్త జత కొన్నాను. అవీ జారాయి. మెట్లెక్కుతుంటే బొటనవేలు మెట్టు అంచుకు కొట్టుకోవడం మొదలైంది.

ఒంట్లో బుడిపెలున్న సంగతి నాకు కొత్త కాదు. మోకాళ్ల చుట్టూ, భుజాల దగ్గర, మణికట్టు పైన తడిమితే రాళ్లలా తగులుతాయి. నాన్నకూ ఉన్నాయి. “మన ఎముకలు అంతేలే” అనేవారు ఆయన. ఆయన కుడి ముంజేయి కాస్త వంకర. చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డానని చెప్పేవారు. ఆ మాటను మేమెవరం ఎన్నడూ అనుమానించలేదు.

మొదట చూపించుకున్న డాక్టరు నడుము నుంచి దిగే నరం నొక్కుకుందన్నారు. నడుముకు స్కానింగ్, నెల రోజుల మాత్రలు. నరం నడుము దగ్గర నొక్కుకున్నా, మోకాలి దగ్గర నొక్కుకున్నా పాదం లేవదు కాబట్టి ఆయన పొరబడటంలో వింత లేదు. కానీ నా మోకాలి పక్కన కంటికి కనిపించే బుడిపె ఉంది. దాని మీద ఒక్కసారి చెయ్యి వేసి చూసి ఉంటే ఆ నెల కలిసివచ్చేది. నేనూ దాని ఊసెత్తలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఉన్నదాన్ని రోగమని ఎవరనుకుంటారు?

రెండోసారి వెళ్లిన ఎముకల డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి, “పాదం పైకి లేపండి” అన్నారు. కుడిది లేచింది. ఎడమది వేలాడింది. ఆవిడ మోకాలికి బయటి వైపు, కాస్త కిందుగా వేలితో తట్టారు. పాదం పైభాగం దాకా జివ్వుమని కరెంటు పాకింది. పిక్క ఎముకల్లో సన్నదాని మెడ చుట్టూ ఒక నరం చర్మానికి దగ్గరగా తిరిగి వెళుతుందట. నా బుడిపె దాని కింద నుంచి పొడుచుకొచ్చి, నరాన్ని తీగలా బిగబట్టింది.

ఆ రోజే ఒళ్లంతా ఎక్స్‌రేలు తీశారు. బుడిపెల లెక్క 23కు వచ్చింది. జబ్బు పేరు హెరిడిటరీ మల్టిపుల్ ఎక్సోస్టోసెస్, అంటే వంశపారంపర్యంగా ఎముకల మీద చాలా బుడిపెలు రావడం. దాదాపు 50,000 మందిలో ఒకరికి ఉంటుందట. ఈఎక్స్‌టీ1 లేదా ఈఎక్స్‌టీ2 అనే జన్యువులో తేడా ఉంటే హెపరాన్ సల్ఫేట్ అనే పదార్థం సరిగ్గా తయారు కాదు. ఎముక ఎటు పెరగాలో చెప్పే సంకేతాలను అదుపులో ఉంచేది అదే. అందుకే ఎముక కొసల దగ్గర పెరుగుదల గాడి తప్పి, పక్కకు కొమ్మలు వేస్తుంది. ఆ కొమ్మలు కీలు వైపు కాకుండా దానికి ఎడంగా వాలి ఉంటాయి. వాటి లోపలి మూలుగ అసలు ఎముక మూలుగతో కలిసిపోయి ఉంటుంది. ఎక్స్‌రేలో వేలు పెట్టి చూపిస్తే నాక్కూడా అర్థమైంది.

“మరి క్యాన్సరా?” అని అడిగాను. కాదన్నారు. కొద్దిమందిలో, సాధారణంగా వందకు ఐదుగురిలోపే, ఏదో ఒక బుడిపె అలా మారవచ్చు. ఎత్తు పెరగడం ఆగిపోయాక బుడిపెలూ ఆగిపోవాలి. ఆ తర్వాత ఏదైనా పెరిగినా, కొత్తగా నొప్పి పెట్టినా వెంటనే చూపించాలి. “పెరగకపోతే ఇప్పుడెందుకు నరాన్ని నొక్కింది?” అన్నాను. ఏళ్ల తరబడి రాపిడి పడి నరం అలసిపోవచ్చు, లేదా నిజంగానే పెరిగి ఉండవచ్చు, అది తేల్చడానికే ఎంఆర్‌ఐ అన్నారు. బుడిపె తలమీద టోపీలా మృదులాస్థి ఉంటుంది. పెద్దవాళ్లలో ఆ టోపీ మందం 2 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి. నాది 4 మిల్లీమీటర్లు. ఆ కాగితం అందేదాకా గడిచిన మూడు రాత్రుల గురించి రాయబుద్ధి కావడం లేదు.

ఆపరేషన్‌లో ముందు నరాన్ని విడిపించి పక్కకు జరిపి, తర్వాత బుడిపెను మొదలంటా, టోపీతో సహా తీసేశారు. టోపీ ముక్క మిగిలిపోతే మళ్లీ పెరగవచ్చట. పరీక్షకు పంపే ముందు సీసాలో చూపించారు. బొటనవేలి కొసంత ఉంది. పైన నీలి ఛాయతో పింగాణీలా మెరిసే పొర. ఇన్నేళ్లుగా నన్ను ఈడ్చింది ఇంత అందంగా ఉంటుందనుకోలేదు.

తెగని నరమైనా కోలుకోవడానికి దాని సమయం అది తీసుకుంటుంది. నష్టపోయిన పోగులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. పాదం వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీ తొడుక్కుని తిరిగాను. నాలుగో నెలలో చీలమండ కాస్త లేచింది. బొటనవేలు తొమ్మిదో నెల దాకా మొండికేసింది. ఆ వేలి వంక రోజూ ఎంతసేపు చూశానో, ఇంట్లో నాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటారు.

మిగతా 22 అలాగే ఉన్నాయి. “అన్నీ ఒకేసారి తీయించుకోకూడదా?” అని అడగని చుట్టం లేడు. నొప్పి పెట్టేది, నరాన్నో నాళాన్నో నొక్కేది, ఎముకను వంచేది అయితేనే ముట్టుకుంటారు. ఊరికే ఉన్నదాన్ని కోయడం తెలివైన పని కాదు.

బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. మా అమ్మాయికి వచ్చింది. తనకిప్పుడు ఆరేళ్లు. ఏటా ముంజేతులు కొలుస్తారు. అక్కడ ఉండే రెండు ఎముకల్లో చిటికెనవేలి వైపుది ఎదగక పొట్టిగా ఉండిపోతే, అది నారిలా బిగిసి రెండోదాన్ని విల్లులా వంచుతుంది. ఎదిగే వయసులోనే పట్టుకుంటే దాన్ని సరిచేసే దారులున్నాయి.

విల్లు అనే మాట విన్నప్పుడే నాన్న చెయ్యి గుర్తొచ్చింది. పట్టుబట్టి ఎక్స్‌రే తీయించాను. ఒక ఎముక కొస సన్నబడి మణికట్టును చేరకుండానే ఆగిపోయింది. రెండోది వంగి ఉంది. ఎక్కడా విరిగిన గుర్తు లేదు.

నాన్న ఆ ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు.

“చెట్టు సంగతి మా అమ్మ చెప్పింది. నాకైతే పడ్డట్టు గుర్తు లేదు” అన్నారు. తర్వాత మనవరాలిని దగ్గరకు పిలిచి, ఆ మణికట్టు మీద వేలుంచి నెమ్మదిగా తడమడం మొదలుపెట్టారు.