పెరుగు ప్యాకెట్ మానేశాం

మహబూబ్‌నగర్‌కు వచ్చాక పెరుగు ప్యాకెట్ కొనడం మానేశాం. మా ఇంట్లో రెండు పూటలా పెరుగు ఉండాల్సిందే. 2022 జూలైలో ప్యాకెట్ పెరుగు మీద 5 శాతం జీఎస్టీ వేసినప్పుడే ఈ ఆలోచన మొదలైంది. లీటరు పాలు తోడేస్తే దాదాపు కిలో పెరుగు వస్తుంది. ఖర్చంతా పాలకే, తోడు నిన్నటి గిన్నెలోనే ఉంటుంది.

బర్రె పాలైతే వెన్న ఎక్కువ కాబట్టి పెరుగు చిక్కగా పేరుకుంటుంది. పాలు పొంగగానే దించేయకుండా సన్న సెగ మీద ఇంకో పది నిమిషాలు కాగనిస్తాను. ఆ వేడికి పాలలోని ప్రొటీన్ల తీరు మారి పెరుగు గట్టిపడుతుంది, నీళ్లు తక్కువ వదులుతుంది. పెరుగు చిక్కబడాలని పాలపొడి కొనే పనే లేదు. తోడు మాత్రం 40, 45 డిగ్రీల మధ్య వేయాలి, అంటే వేలు పెడితే హాయిగా ఓర్చుకునేంత వెచ్చదనం. పాలు మరీ వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

పాలమూరు ఎండలకు నాలుగైదు గంటల్లోనే తోడుకుంటుంది. అప్పుడు వెంటనే ఫ్రిజ్‌లో పెట్టకపోతే పులుపెక్కుతుంది. చలికాలం అలా కాదు. గిన్నెకు పాత దుప్పటి చుట్టి బియ్యం డబ్బాలో పెడతాను. మా అమ్మ నేర్పిన పద్ధతి ఇది, నాకు ఇప్పటికీ దీని మీదే నమ్మకం.

తోడు అయిపోయిన రోజు పక్కింటి పిల్లను "అమ్మా, కొంచెం తోడుంటే ఇవ్వు" అని అడుగుతాను. ఆమె కూడా అలాగే వస్తుంది. పెరుగు పులిస్తే సల్ల చేసి జొన్న గటకలో పోసుకుంటాం.